వానపాము, రికార్డు పుస్తకం, నాలుగో ఏడాది

బీఎస్సీ నాలుగో ఏడాదిలో పరిశోధన చేసి ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ పట్టా తీసుకోవచ్చని యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించగానే, ఇదంతా అమెరికా సరుకు, మన కాలేజీలకు నప్పదు అనే మాట గట్టిగానే వినిపించింది. జీవశాస్త్రాల వరకు ఈ మాట చరిత్రకు నిలవదు. ఈ శాస్త్రాలను తరగతి గదిలోకి తెచ్చినవాళ్ళు మొదటి నుంచీ పుస్తకం కన్నా చేతిపనికే పెద్దపీట వేశారు. డిగ్రీకి ఒక ఏడాది అదనంగా చేర్చి, దానికి తగిన ప్రతిఫలమిచ్చే పద్ధతి మద్రాసు, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో ఎప్పుడో ఉండేది. మధ్యలో ఏం పోగొట్టుకున్నామో చూసుకోకుండా ఇప్పటి నిబంధనలను తూచలేం.

1870ల మొదట్లో టి. హెచ్. హక్స్‌లీ లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో బడిపంతుళ్ళకు జీవశాస్త్రం చెప్పడానికి పూనుకున్నాడు. ఉపన్యాసం అవగానే వాళ్ళను బల్లల ముందు కూర్చోబెట్టి, అప్పటిదాకా విన్నదాన్ని సూక్ష్మదర్శిని కింద, కత్తెర మొన దగ్గర సరిచూసుకోమనేవాడు. వేల జాతుల పేర్లు వల్లించే బదులు కొన్ని నమూనా జీవులను ఎంచుకుని, ఒక్కోదాన్ని క్షుణ్ణంగా విప్పి చూడాలన్నది ఆయన పద్ధతి. శిష్యుడు హెచ్. ఎన్. మార్టిన్‌తో కలిసి 1875లో దీన్ని పాఠ్యపుస్తకంగా తెచ్చాడు. ఆ మార్టినే 1876లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రానికి తొలి ఆచార్యుడయ్యాడు. మన జువాలజీ ప్రాక్టికల్స్‌లోని కప్ప, బొద్దింక, వానపాము అన్నీ ఆ నమూనా పద్ధతి వారసత్వమే.

1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం తొలి దశాబ్దాల్లో పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ మాత్రమే. బోధన, పరిశోధన విశ్వవిద్యాలయం పనులేనని 1904 విశ్వవిద్యాలయాల చట్టం ఒప్పుకున్నాకే ఆనర్స్ కోర్సులకు దారి పడింది. ఇంటర్మీడియట్ తర్వాత పాస్ కోర్సు రెండేళ్ళు, ఆనర్స్ మూడేళ్ళు. పాస్ విద్యార్థి కన్నా ఒక ఏడాది ఎక్కువ చదివిన ఆనర్స్ విద్యార్థికి మాస్టర్స్ పట్టా కోసం మళ్ళీ పూర్తి కోర్సు చదవాల్సిన పని ఉండేది కాదు. ఏడాది ఖర్చుకు ఏడాది ఫలితం, లెక్క సరి. 1917–19 నాటి శాడ్లర్ కమిషన్ కూడా ఆనర్స్‌ను పాస్ కోర్సు నుంచి స్పష్టంగా వేరుచేయమనే చెప్పింది. 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ ఆనర్స్ సంప్రదాయాన్నే అందుకుంది. బోటనీలో జె. వెంకటేశ్వర్లు మొక్కల పిండశాస్త్రం మీద, జువాలజీలో పి. ఎన్. గణపతి సముద్ర జీవుల మీద పనిచేసిన చోటది. లాసన్స్ బే నీళ్ళలోని ప్లవకాలు, ఓడరేవులో కొయ్యను తొలిచే జీవులు జువాలజీ వాళ్ళకు పరిశోధన వస్తువులు. అంటే, గుమ్మం దాటితే దొరికేవి.

ఆనర్స్ ఎందుకు పోయిందంటే కారణం అన్యాయమైనదేమీ కాదు. అది కొద్దిమందికే అందే చదువు. రాధాకృష్ణన్ కమిషన్ 1948–49లో మూడేళ్ళ డిగ్రీని సిఫారసు చేసింది. తర్వాతి దశాబ్దంలో పీయూసీ, మూడేళ్ళ బీఎస్సీ వచ్చాయి. కాలేజీలు జిల్లాలకు, తాలూకాలకు పాకాయి. వేలమంది పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, డిగ్రీ అందుబాటులోకి రావడం మంచిదే. కానీ చదువు విస్తరించిన వేగంతో ప్రయోగశాలలు విస్తరించలేదు. ప్రాక్టికల్స్ స్థానాన్ని నెమ్మదిగా రికార్డు పుస్తకం ఆక్రమించింది.

ఒక్క వానపాము సంగతే చూడండి. మైనం ట్రేలో దాన్ని వెల్లకిలా కాకుండా బోర్లా పెట్టి, వీపు వెంట కోసి, రెండు పక్కలా పిన్నులు గుచ్చి, మునిగేదాకా నీళ్ళు పోస్తే ఖండితాల మధ్య పల్చటి అడ్డుతెరలు కనిపిస్తాయి. పదిహేనో ఖండితం దాటాక ఆ తెరలను అంటుకుని సన్నని నూలుపోగుల్లా విసర్జక నాళికలు ఉంటాయి. ఐరోపా వానపాముల్లో ఇలాంటివి శరీరం బయటికి తెరుచుకుంటాయి. మన వానపాము ఫెరెటిమాలో మాత్రం అవి పేగులోకి తెరుచుకుంటాయని 1919లో తేల్చినవాడు కరమ్ నారాయణ్ బహల్. నీటిని పొదుపు చేసుకునే ఏర్పాటు అది. విదేశీ పుస్తకంలో ఉన్నదే మన మట్టిలోనూ ఉంటుందని నమ్మకుండా, కోసి చూసినందుకు దొరికిన ఫలితం. లక్నోలో ఆయన సంపాదకత్వంలో వచ్చిన ఇండియన్ జువలాజికల్ మెమోయిర్స్‌లో మొదటిది, 1926 నాటిది, ఈ ఫెరెటిమా మీదే. తర్వాతి తరాల విద్యార్థులు అదే నాళికల బొమ్మను సీనియర్ రికార్డులోంచి దించుకుని, హెచ్‌బీ పెన్సిల్‌తో భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్నారు. పరిశోధన ఫలితం బట్టీ పాఠంగా మారడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. జంతువుల కోతలు తగ్గించమని 2011లో, ఆపేయమని 2014లో యూజీసీ చెప్పడంతో ప్రాక్టికల్స్ పోయాయని వాపోయేవాళ్ళున్నారు. చాలాచోట్ల అప్పటికే పోయినదాన్నే ఆ ఉత్తర్వు తీసేసింది.

ఇప్పటి నిబంధనలకు వద్దాం. మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు వస్తేనే పరిశోధన దారి తెరుచుకుంటుంది. పరిశోధన ప్రాజెక్టుకు 12 క్రెడిట్లు. ఒక ప్రాక్టికల్ క్రెడిట్‌కు 30 గంటల లెక్కన అది 360 గంటల పని. దానికి ప్రతిఫలంగా ఏడాదిలో పీజీ పూర్తిచేసే వీలుంది, నేరుగా పీహెచ్‌డీకి అర్హత కూడా ఉంది. పాత ఆనర్స్ ఒప్పందం తిరిగి వచ్చిందనే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ 2020–21లోనే నాలుగో ఏడాదికి తలుపు తీసి, 2023–24లో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన విషయం) పద్ధతి పెట్టింది.

పేద కుటుంబానికి ఇంకో ఏడాది భారం కాదా అనే అభ్యంతరం బలమైనదే. పీజీలో ఒక ఏడాది నిజంగా తగ్గితేనే దానికి జవాబు దొరుకుతుంది. విశ్వవిద్యాలయాలు ఏడాది పీజీకి సీట్లు చూపించకపోతే ఇది మోసమే అవుతుంది. ప్రయోగశాలలు లేవుగా అంటారు. జన్యు క్రమాలు చదివే యంత్రాలు లేవన్నది నిజం. కానీ చెరువు నీటి ప్లవకాలు, వరిలో పురుగులు, ఊరి గట్టు మీది మొక్కల హెర్బేరియం షీట్లు చూడటానికి సూక్ష్మదర్శిని, ఓపిక, పక్కన కూర్చుని తప్పు దిద్దే అధ్యాపకుడు చాలు. అసలు కొరత ఆ మూడోదే. పరిశోధన నడిపే శాఖలో పీహెచ్‌డీ మార్గదర్శకత్వానికి అర్హులైన శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలని యూజీసీ అంటోంది. పోస్టులు భర్తీ చేయని చోట ఆ నిబంధన కాగితం దాటదు.

నా పేచీ 75 శాతంతో. అందరూ పరిశోధకులు కానక్కర్లేదు, వడపోత ఉండాల్సిందే. అయితే మూడేళ్ళు రికార్డులు దించి తెచ్చుకున్న మార్కులతో పరిశోధన పాటవాన్ని కొలిస్తే, బహల్‌ను కాక బహల్ బొమ్మను బాగా దించినవాణ్ణి ఎంచుకున్నట్టవుతుంది. రెండో ఏడాదిలోనే ఒక చిన్న క్షేత్ర పరిశీలన చేయించి, దాని మీద వైవా పెట్టి, ఎంపికలో ఆ మార్కుకు కనీసం సగం విలువ ఇవ్వాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. బోర్డ్స్ ఆఫ్ స్టడీస్ వచ్చే సమావేశంలో చేయగలిగిన పని.