జనగామ ప్రాంత గృహాల్లో సీలింగ్ ఫ్యాన్: శ్రమ, పైకప్పు, విద్యుత్తు – సామాజిక చరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలంగాణ విద్యుత్ చరిత్రను సాధారణంగా ఉత్పత్తి కేంద్రాలు, వ్యవసాయ మోటార్లు, కోతల ఆధారంగా వివరిస్తారు. ఇంటిలోపల ఆ విద్యుత్తు తెచ్చిన మార్పుకు ఆ వివరణలో దక్కిన చోటు స్వల్పం. జనగామ ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని, సీలింగ్ ఫ్యాన్ ఇంటికి చేరడంలో తీగతో పాటు పైకప్పు కూడా నిర్ణాయక పాత్ర వహించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విసనకర్ర, పంకా, వెట్టి, గూనపెంకుల ఇల్లు, స్లాబు, విద్యుదీకరణ.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న వరంగల్ నుండి వేరుపడి జిల్లాగా ఏర్పడిన జనగామ, పాల్కురికి సోమనాథుని పాలకుర్తికీ పోతన బమ్మెరకూ నెలవు. సాయుధ పోరాట చరిత్రలోనూ దీనికి ప్రత్యేక స్థానముంది. నేడు ఈ ప్రాంతంలో సీలింగ్ ఫ్యాన్ లేని ఇల్లు అరుదు. ఇంత సర్వసాధారణమైన వస్తువు కనుకనే చరిత్రకారుని దృష్టి దానిపై నిలవలేదు. ఎవరి చేతి శ్రమతో ఎవరికి గాలి అందింది అనే ప్రశ్న వేసినప్పుడు ఈ వస్తువు వెనుక ఉన్న సామాజిక సంబంధాలు బయటపడతాయి.

2. విసరడం – వేయడం

వీవన, సురటి, తాళవృంతం, విసనకర్ర – తెలుగులో గాలికి సంబంధించిన సాధనాల పేర్లు అనేకం. తాటియాకుతో, మేదరుల వెదురుపనితో తయారైన విసనకర్ర సామాన్యుల ఇంటి వస్తువు. 'విసురు' అనే క్రియ తిరుగలికీ వర్తిస్తుంది. పిండి విసరడం, గాలి విసరడం రెండూ చేతి శ్రమలే. తనకు తాను విసురుకోవడం వేరు, మరొకరికి విసరడం వేరు. ఈ రెండో అర్థంలోనే అధికార సంబంధం దాగి ఉంది.

అధికారుల బంగళాలు, కచేరీల పైకప్పు నుండి వేలాడిన బట్ట పంకా ఈ సంబంధాన్ని మరింత స్పష్టం చేసింది. గాలి పొందే మనిషి గది లోపల ఉంటే, తాడు లాగే మనిషి వసారాలో ఉండేవాడు. ఒకరి సుఖం మరొకరి నిర్విరామ శ్రమపై ఆధారపడిన ఈ ఏర్పాటును జనగామ పరిసరాల దేశ్‌ముఖ్‌ల వెట్టి వ్యవస్థ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో ఉద్ధృతమైన పోరాటం భూమితో పాటు, కూలి లేని చాకిరీని కూడా ప్రశ్నించింది.

తెలంగాణ వ్యవహారంలో 'పంక' అనే మాట విద్యుత్ ఫ్యానుకూ నిలిచింది. అయితే క్రియ మారింది. 'విసురు' స్థానంలో 'వేయి' వచ్చింది. ఆజ్ఞ అందుకునే మనిషి స్థానంలోకి స్విచ్చు వచ్చిందనడానికి ఈ భాషా పరిణామమే సాక్ష్యం.

3. తీగ వచ్చిన క్రమం

1880ల చివర అమెరికాలో ఫిలిప్ డీల్ కుట్టుమిషన్ మోటారుకు రెక్కలు బిగించి సీలింగ్ ఫ్యానుకు రూపమిచ్చాడు. హైదరాబాదు రాజ్యంలో 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్కేంద్రం వెలసింది. రాజధానికి చేరిన ఈ వెలుగు అప్పటి నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకా పల్లెలకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. కాజీపేట–సికింద్రాబాదు రైలుమార్గం ఈ ఊరి మీదుగా సాగినా, రైలు వెంట విద్యుత్తు రాలేదు.

1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాయి. నాటి విధానంలో పంపుసెట్లకు ప్రాధాన్యం లభించింది. మెట్టసేద్యపు ప్రాంతమైన జనగామలో విద్యుత్తు అనగానే బావి, మోటారు గుర్తుకు రావడానికి ఇదొక కారణం. ఇంటికి కరెంటు వచ్చిన తరువాత కూడా దానిని మొదట అనుభవించింది బల్బు రూపంలోనే. జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ దీపాలున్న కుటుంబాలు 2001లో సుమారు 67 శాతం, 2011లో సుమారు 92 శాతం.

4. దూలం నుండి హుక్కు దాకా

బల్బుకు ఒక తీగ చాలు. ఫ్యానుకు బరువు మోసే పైకప్పు కావాలి. గూనపెంకుల ఇంట్లో మొగురాలపై దూలం, దానిపై వాసాలు ఉంటాయి. ఫ్యాను రెక్కలు నేల నుండి కనీసం 2.4 మీటర్ల ఎత్తులో ఉండాలన్నది నేటి జాతీయ భవన నియమావళి ప్రమాణం. దూలం ఎత్తు తక్కువైన ఇంట్లో ఇది సాధ్యం కాదు. పూరిగుడిసెలో ఆ ప్రశ్నే తలెత్తదు. అందువల్ల తీగ వచ్చిన ఇళ్లలోనూ టేబుల్ ఫ్యానో, స్టాండు ఫ్యానో మాత్రమే వీలైన సందర్భాలు ఎక్కువ.

స్లాబు ఈ అడ్డంకిని తొలగించింది. సెంట్రింగుపై సలాకలు కట్టే దశలోనే వాటికి హుక్కు బిగించి కాంక్రీటు పోయడం ఆనవాయితీ అయింది. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం, 2015 నాటి రెండు పడకగదుల ఇళ్ల పథకం ఈ నిర్మాణ పద్ధతిని పేద కుటుంబాలకు చేర్చాయి.

ఇక్కడొక వైరుధ్యాన్ని గమనించాలి. పెంకుల సందుల గుండా వేడిగాలి బయటికి పోయేది. స్లాబు పగటి ఎండను దాచుకొని రాత్రి గదిలోకి వదులుతుంది. అంటే ఫ్యానుకు హుక్కును ఇచ్చిన పైకప్పే ఫ్యానును అనివార్యం చేసింది. ఫ్యాను గదిని చల్లబరచదు. చెమటను ఆవిరి చేసి శరీరానికి ఉపశమనమిస్తుంది. ఫ్యాను వ్యాప్తిని జీవన ప్రమాణాల పెరుగుదలగా మాత్రమే లెక్కించడం అందువల్ల అసమగ్రం.

5. ఇంటిలోపలి అసమానత

హుక్కు ఏ గదిలో పెట్టారన్నది కూడా చారిత్రకాధారమే. ముందుగదికీ పడకగదికీ ఫ్యాను వచ్చింది. పొయ్యిమంట చెదురుతుందన్న కారణంతో వంటగది సాధారణంగా దానికి దూరమైంది. వేసవి మధ్యాహ్నం అత్యధిక వేడిలో పనిచేసే స్త్రీకి గాలి చివరన కూడా అందలేదు. పెళ్లిసామానులో మంచం, బీరువాలతో పాటు ఫ్యానును తెచ్చినది ఆమె పుట్టింటివారే అయిన సందర్భాలు ఎన్నో. తాడు లాగే మనిషి అదృశ్యమైనా, గాలి పంపకంలోని అసమానత ఇంటిలోపలికి చేరింది.

6. ముగింపు

భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ సామర్థ్యం 500 మెగావాట్లు. 75 వాట్ల ఫ్యాను రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 22.5 యూనిట్లు. ఈ రెండు అంకెల మధ్య సాగే చరిత్ర ఇంకా విస్తృతంగా రాయవలసి ఉంది. దానికి ఆధారాలు కార్యాలయ దస్త్రాల్లోనే కాక పాత ఇళ్ల దూలాలపై, స్లాబు హుక్కులపై, గుడిలో, బడిలో తిరిగే ఫ్యాను రెక్కలపై రాసిన దాతల పేర్లలో ఉన్నాయి. కాకతీయుల దానశాసనాలను చదివిన శ్రద్ధతోనే ఈ రెక్కలపై అక్షరాలనూ చదవాలి. రంగు మళ్లీ వేసినప్పుడల్లా ఆ ఆధారాల్లో కొన్ని చెరిగిపోతున్నాయి.