144 సెక్షన్ పెడితే నిరసన హక్కు పోయినట్టేనా? మోర్తాడ్ పసుపు రైతులు తెలుసుకోవాల్సిన సుప్రీంకోర్టు తీర్పులివీ!

పంట చేతికొచ్చింది. ధర లేదు. రోడ్డెక్కుదామంటే 144 సెక్షన్ పెట్టేశారు. 2019 ఫిబ్రవరిలో ఆర్మూర్ ప్రాంత రైతులకు ఎదురైన పరిస్థితి ఇదే. అలాంటప్పుడు రైతుకు రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఏమవుతుంది? సుప్రీంకోర్టు ఏం చెప్పింది? పూర్తి వివరాలు చూద్దాం.

అప్పట్లో ఏం జరిగింది?

పసుపుకు క్వింటాకు రూ.15,000, ఎర్రజొన్నకు రూ.3,500 ఇవ్వాలన్నది రైతుల డిమాండ్. పసుపు బోర్డు కావాలని కూడా గట్టిగా పట్టుబట్టారు. 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే ఆర్మూర్ దగ్గర రాస్తారోకోకు దిగారు. ఆంక్షలు వచ్చాయి, పోలీసులు పలువురిని అదుపులోకి తీసుకున్నారు. దాంతో రైతులు రూటు మార్చారు. అదే ఏడాది ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో ఏకంగా 185 మంది నిలిచారు. వారిలో 170 మందికి పైగా రైతులే! దేశమంతా అటువైపు చూసింది.

రాజ్యాంగంలో ఏముంది?

ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా గుమిగూడే హక్కు 19(1)(బి) అధికరణ ప్రకారం ప్రతి పౌరుడికీ ఉంది. అయితే 19(3) కింద దీనికి హద్దులు పెట్టొచ్చు. దేశ సార్వభౌమత్వం, సమగ్రత లేదా పబ్లిక్ ఆర్డర్ కోసం మాత్రమే, అదీ సహేతుకంగా ఉండాలి.

పబ్లిక్ ఆర్డర్ అంటే మామూలు గొడవ కాదు. 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులో సుప్రీంకోర్టు దీన్ని మూడు వలయాలతో వివరించింది. పెద్ద వలయం శాంతిభద్రతలు, దాని లోపల పబ్లిక్ ఆర్డర్, అన్నిటికన్నా చిన్నది రాజ్య భద్రత. చిన్న తోపులాట జరిగినంత మాత్రాన పబ్లిక్ ఆర్డర్ దెబ్బతిన్నట్టు కాదన్నమాట. 2023 సెప్టెంబర్‌లో తెలంగాణ పీడీ యాక్ట్ కేసులోనూ కోర్టు ఈ తేడానే గుర్తుచేసి, నిర్బంధ ఉత్తర్వును కొట్టేసింది.

144 సెక్షన్‌పై కీలక తీర్పు

2020 జనవరి 10న కశ్మీర్ ఆంక్షలపై అనురాధా భాసిన్ కేసులో తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల బెంచ్‌లో ఇద్దరు తెలుగువారే. జస్టిస్ ఎన్.వి.రమణ, జస్టిస్ ఆర్.సుభాష్ రెడ్డి. ఇందులో ముఖ్యమైన పాయింట్లు ఇవీ:

- న్యాయమైన అభిప్రాయాన్ని, గోడును అణచడానికి 144 సెక్షన్ వాడకూడదు.
- ఎందుకు పెడుతున్నారో ఉత్తర్వులోనే కారణాలు రాయాలి.
- ఆ ఉత్తర్వును జనానికి తెలిసేలా ప్రచురించాలి.
- ముప్పు ఎంతో ఆంక్ష కూడా అంతే ఉండాలి.
- మళ్లీ మళ్లీ అదే ఉత్తర్వు ఇస్తూ పోతే అది అధికార దుర్వినియోగమే.

ఇప్పుడు 144 సెక్షన్ పేరు మారింది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా అమల్లో ఉంది. మామూలుగా ఉత్తర్వు గరిష్ఠంగా రెండు నెలలే. కానీ పసుపు రైతుకు ఆ రెండు నెలలే సీజన్! కొమ్ములు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి యార్డుకు తెచ్చే రోజులవి. సరుకంతా అమ్ముడుపోయాక ఆంక్షలు ఎత్తేస్తే లాభమేంటి? అందుకే ముప్పుకు తగ్గట్టే ఆంక్ష ఉండాలన్న మాట ఇక్కడ చాలా ముఖ్యం.

మరి రోడ్డు దిగ్బంధం సంగతి?

ఇక్కడ కోర్టు రైతుకూ గీత గీసింది. షాహీన్‌బాగ్ కేసులో 2020 అక్టోబర్ 7న తీర్పునిస్తూ.. నిరసన హక్కు ఉన్నా, రోడ్లను నిరవధికంగా ఆక్రమించడం కుదరదని తేల్చి చెప్పింది. అంబులెన్సుకు, బస్సుకు, బడి పిల్లలకూ దారి కావాలి కదా!

అలాగని వీధుల్లో సభలే వద్దనడానికీ వీల్లేదు. అహ్మదాబాద్‌కు చెందిన హిమత్‌లాల్ షా కేసులో 1972లోనే రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయం స్పష్టం చేసింది. పోలీసులు సభను క్రమబద్ధీకరించవచ్చు గానీ, ఇష్టం వచ్చినట్టు అనుమతి నిరాకరించే అధికారం చెల్లదంది. ఢిల్లీ సరిహద్దుల్లో రైతుల ఆందోళన సమయంలోనూ 2020 డిసెంబర్ 17న ఇదే దారిలో వెళ్లింది. ప్రాణాలకు, ఆస్తులకు నష్టం లేనంత వరకు నిరసనకు అడ్డు ఉండకూడదని చెప్పింది.

ఆంక్షలు పెడితే ఏం చేయాలి?

ముందు ఉత్తర్వు కాపీ అడగండి. తేదీ, ప్రాంతం, కారణం చూసుకోండి. అన్యాయం అనిపిస్తే సవరించాలని, రద్దు చేయాలని మెజిస్ట్రేట్‌కే దరఖాస్తు పెట్టొచ్చు. మీ వాదన చెప్పుకొనే అవకాశం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అక్కడ పని కాకపోతే 226వ అధికరణ కింద హైకోర్టుకు, 32వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు.

2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. కానీ కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు. ధర పడిపోయిన ఏడాది మోర్తాడ్, ఆర్మూర్ రైతులు మళ్లీ గొంతెత్తక తప్పదు. ఆ రోజు వారికి దారి వదిలి శాంతియుతంగా నిలబడే బాధ్యత ఉంటుంది. వద్దనే అధికారికి మాత్రం ఎందుకు వద్దో కాగితం మీద రాసి చూపించాల్సిన బాధ్యత ఉంటుంది.