నక్షత్రం లేని అంకె

అమ్మ బ్లడ్ రిపోర్టు నేను ఆఫీసులో ఉండగా వాట్సాప్‌లో వచ్చింది. రిపోర్టులు చదవడానికి అప్పట్లో నాకో పద్ధతి ఉండేది. పక్కన నక్షత్రం గుర్తున్న అంకెలు చూడటం, మిగతావి వదిలేయడం. లాగ్ ఫైల్లో ‘ఎర్రర్’ అన్న మాట వెతికినట్టే. అంతకు నెల ముందు చేయించిన పరీక్షలో కాల్షియం 11.1 వచ్చింది, నక్షత్రంతో సహా. అందుకే డాక్టరుగారు పీటీహెచ్ కూడా చేయించమన్నారు. అది 58 వచ్చింది. ఉండాల్సింది 15 నుంచి 65 మధ్య. నక్షత్రం లేదు.

“అంతా నార్మలేనమ్మా, ఆ కాల్షియం మాత్రలు ఆపెయ్ చాలు” అని ఫోన్లో చెప్పేశాను.

“డాక్టరుగారికి చూపించొద్దా నాన్నా?” అంది.

“ఈమాత్రం దానికి తెనాలి నుంచి గుంటూరు దాకా ఎందుకు?” అన్నాను.

ఏడాదిన్నర తర్వాత అమ్మకి కిడ్నీలో రాయి వచ్చింది. ఆ డాక్టరు పాత రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, “కాల్షియం 11 దాటినప్పుడు పీటీహెచ్ 58 ఉంటే అది నార్మల్ కాదండీ” అన్నారు. ముందూ వెనకా చూడకుండా ఒక్క వాక్యాన్ని పీకి కథ మీద తీర్పిచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. సరిగ్గా నేనూ ఆ పనే చేశాను. ఆ సిగ్గుతోనే ఈ పరీక్ష చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

పీటీహెచ్ అంటే పారాథైరాయిడ్ హార్మోన్. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు మామూలుగా నాలుగుంటాయి. వాటి పని రక్తంలో కాల్షియాన్ని కనిపెట్టుకుని ఉండటం. కాల్షియం తగ్గితే హార్మోన్ వదులుతాయి. అది ఎముకల నుంచి కాల్షియాన్ని బయటికి తెస్తుంది, మూత్రంలో పోనివ్వకుండా కిడ్నీలతో ఆపిస్తుంది, విటమిన్ డి ద్వారా పేగుల్లో ఎక్కువ పీల్చుకునేలా చేస్తుంది. కాల్షియం పెరిగితే గ్రంథులు తగ్గిపోవాలి. ట్యాంకు నిండాక మోటారు ఆగాలి కదా. నిండి పొర్లుతున్నా మోటారు ‘మామూలు వేగంతో’ తిరుగుతోందంటే స్విచ్ పాడైందని అర్థం. అమ్మ 58 అలాంటిదే.

ఇంత చిన్న గ్రంథులు మొదట కంటపడింది మనుషుల్లో కాదు, ఒక ఖడ్గమృగంలో. లండన్ జూలో ఉన్న భారతదేశపు ఒంటికొమ్ము ఖడ్గమృగం 1849లో చనిపోతే, రిచర్డ్ ఓవెన్ దాన్ని కోసి పరిశీలించాడు. థైరాయిడ్‌కి అంటుకున్న చిన్న పసుపురంగు గ్రంథి ఉందని రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1877లో స్వీడన్‌లోని ఉప్సలాలో ఇవార్ సాండ్‌స్ట్రోమ్ అనే వైద్య విద్యార్థి కుక్కలో వీటిని చూశాడు. తర్వాత 50 మానవదేహాల్లో వెతికి, 1880లో వ్యాసం ప్రచురించి, ‘పారాథైరాయిడ్’ అన్న పేరు పెట్టాడు. దానికీ స్పందన అంతంతమాత్రమే. 1889లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికింకా ఆ గ్రంథులు ఏం చేస్తాయో ఎవరికీ తెలీదు. కాల్షియంతో వాటి సంబంధం 1909లో మాకల్లమ్, వోగ్ట్లిన్ చేసిన ప్రయోగాలతో గట్టిపడింది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది చార్లెస్ మార్టెల్ కథ. ఓడ కెప్టెన్. ఆజానుబాహువు. ఎముకలు మెత్తబడి, విరిగి, ఏడు అంగుళాల ఎత్తు తగ్గిపోయాడు. 1926లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కి చేరాడు. హార్మోన్ని కొలిచే దారి అప్పటికి లేదు. రక్తంలో కాల్షియం ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ ఉంటే, పారాథైరాయిడ్ అతిగా పనిచేస్తోందని ఊహించడమే. ఇక్కడ మనవాడొకరు తగులుతారు. అదే బోస్టన్‌లో, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో, సైరస్ ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించాడు. కెప్టెన్ ఆ ఊరు రావడానికి ముందటి ఏడాది.

కానీ ఊహ సరైనదైనా కణితి ఎక్కడుందో చెప్పదు. ఆరు ఆపరేషన్లు చేసినా దొరకలేదు. కెప్టెన్ తనే శరీరనిర్మాణ శాస్త్రం పుస్తకాలు తిరగేసి, ఛాతీలో వెతకమని పట్టుబట్టాడు. 1932లో, ఏడో ఆపరేషన్లో, అక్కడే దొరికింది. అప్పటికే ఆలస్యమైంది. ఆరు వారాలకు చనిపోయాడు. ఆ రోజుల్లో ఈ జబ్బు తెలిసేది ఇలాగే, విరిగిన ఎముకల్లోంచి, కిడ్నీ రాళ్ళలోంచి.

హార్మోన్ని నేరుగా కొలవడానికి దారి వేసింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో పనిచేసిన ఇద్దరు, రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్. ఆమె భౌతిక శాస్త్రవేత్త, ఆయన డాక్టరు. వాళ్ళ ఉపాయాన్ని సిటీ బస్సుతో చెప్పుకోవచ్చు. సీట్లు కొన్నే, అవి యాంటీబాడీలు. రేడియోధార్మిక గుర్తు వేసిన హార్మోన్ని ముందే తెలిసినంత కలుపుతారు. రోగి రక్తంలోని హార్మోన్ వాటితో సీట్ల కోసం పోటీ పడుతుంది. గుర్తున్నవాళ్ళు ఎంతమందికి సీటు దొరకలేదో లెక్కపెడితే, గుర్తులేనివాళ్ళు ఎంతమంది ఎక్కారో తెలుస్తుంది. మొదట ఇన్సులిన్‌కి వాడారు. 1963లో ఆర్‌బాక్, పాట్స్‌లతో కలిసి పీటీహెచ్‌కి వాడారు. పేటెంటు తీసుకోలేదు. 1977లో యాలోకి నోబెల్ వచ్చేనాటికి బెర్సన్ చనిపోయి ఐదేళ్ళు.

అంకె చేతికొచ్చాక కూడా దాన్ని వెంటనే నమ్మడానికి లేకపోయింది. పీటీహెచ్ 84 అమైనో ఆమ్లాల గొలుసు. రక్తంలో అది ముక్కలవుతుంది. ఏ యాంటీబాడీ ఏ ముక్కని పట్టుకుంటే ఆ జవాబు వచ్చేది. దీన్ని 1968లో బయటపెట్టింది కూడా బెర్సన్, యాలోలే. 1987లో గొలుసుకి రెండు వైపులా రెండు యాంటీబాడీలు పట్టుకునే పరీక్ష వచ్చింది. దాన్నే ‘ఇంటాక్ట్’ పీటీహెచ్ అన్నారు. తర్వాత తేలిందేమంటే, మొదట్లో కాస్త తెగిన ముక్కలూ అందులో లెక్కకొస్తున్నాయి, ముఖ్యంగా కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళలో. అందుకే ఒక ల్యాబ్ అంకెని ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చకూడదంటారు.

నక్షత్రం ఉన్నంత మాత్రాన గ్రంథి చెడిపోయినట్టూ కాదు. విటమిన్ డి తక్కువై కాల్షియం పడిపోతుంటే పీటీహెచ్ పెరుగుతుంది. అది గ్రంథి తన డ్యూటీ తను చేయడం. ఎండకి కొరత లేని తిరుపతి ప్రాంతంలో కూడా చాలామందికి విటమిన్ డి తక్కువని స్విమ్స్ వైద్యుల అధ్యయనాలు చూపించాయి. కాబట్టి పెరిగిన ప్రతి పీటీహెచ్ వెనకా కణితి ఉండదు. పక్కన కాల్షియం ఎంత, విటమిన్ డి ఎంత, కిడ్నీలు ఎలా ఉన్నాయి అని అడగాలి. ఈ అంకె ఒంటరిగా మాట్లాడదు.

అమ్మకి ఆపరేషన్ అయింది. నాలుగింట్లో ఒక గ్రంథి మీద చిన్న కణితి. రక్తంలో పీటీహెచ్ కొద్ది నిమిషాల్లోనే సగమైపోతుంది కాబట్టి, కణితి తీసిన పది నిమిషాలకి ఆపరేషన్ థియేటర్ నుంచే మళ్ళీ రక్తం పంపారు. ముందు 84 ఉన్నది 19కి పడింది. సగానికి మించి పడితే దొరకాల్సింది దొరికినట్టు లెక్కట. కుట్లు వేయడం మొదలుపెట్టారని బయటికొచ్చి చెప్పారు. కారిడార్లో కూర్చుని నేను ఆలోచించింది కెప్టెన్ మార్టెల్ గురించి. ఆరుసార్లు కోసి, ఆరుసార్లు కుట్టేసినప్పుడు, అసలు దొంగ లోపలే ఉన్నాడో లేడో చెప్పే ఒక్క అంకె కూడా అక్కడ ఎవరి దగ్గరా లేదు. నా దగ్గర ఉంది. ఏడాదిన్నర పాటు ఫోన్లోనే ఉంది.

మొన్న మళ్ళీ రిపోర్టు వచ్చింది. “నక్షత్రాలేమన్నా ఉన్నాయా నాన్నా?” అని అడిగింది అమ్మ.

“లేవమ్మా. అయినా గురువారం గుంటూరు వెళ్దాం. నేనొస్తున్నాను” అన్నాను.