వంటవాడికే వడ్డన పని

"అన్నా, గేమ్ మంచిగనే నడుస్తది. రికార్డింగ్ పెడితేనే ల్యాగ్ కొడ్తది."

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, సీటీసీ అంటేనే ఆటోవాడికైనా తెలుస్తుంది. అక్కడ కంప్యూటర్లు అసెంబుల్ చేసే షాపుల ముందు కాలేజీ పిల్లలు చెప్పుకునే ఫిర్యాదుల్లో ఇదొకటి. కౌంటర్ అవతలి నుంచి తరచూ వచ్చే జవాబు "కార్డ్ మార్చు తమ్మీ" అని. ఒక్కోసారి ఆ మాట నిజమే. కానీ ఆటను రికార్డు చేసే విద్య ఎలా పుట్టిందో, ఎక్కడెక్కడ ఇరుక్కుందో తెలిస్తే, డబ్బులు తీసేముందు ఇంకో రెండు ప్రశ్నలు అడగాలనిపిస్తుంది.

విచిత్రమేమిటంటే, మొదట్లో ఈ బాధే లేదు. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ ఆటలోనే రికార్డింగ్ సదుపాయం ఉంది. అది బొమ్మను దాచేది కాదు, ఆటగాడు ఏం చేశాడో రాసుకునేది. సెకనుకు 35 సార్లు, ప్రతిసారీ 4 బైట్లు: ముందుకా వెనక్కా, పక్కకు జరిగాడా, ఎటు తిరిగాడు, తుపాకీ పేల్చాడా తలుపు తీశాడా. అంటే సెకనుకు 140 బైట్లు. గంటసేపు ఆడితే అర మెగాబైటు. ఒక్క ఫ్లాపీలో రెండు గంటల పైచిలుకు ఆట పట్టేస్తుంది. చూడదలచినవాడు ఆ ఫైలును తన డూమ్‌కు అందిస్తే, అది అవే కదలికలతో మొత్తం ఆటను మళ్లీ ఆడి చూపించేది. 1996లో క్వేక్ ఆడే రేంజర్స్ అనే బృందం ఇలాంటి డెమో ఫైలుతోనే 'డైరీ ఆఫ్ ఎ క్యాంపర్' అనే చిన్న చిత్రం తీసింది. ఆటలోపలే తీసిన తొలి చిత్రంగా దాన్నే చెప్పుకుంటారు.

దీనికి ఒకటే లోటు. చూసేవాడి దగ్గర కూడా అదే ఆట, అదే వెర్షన్ ఉండాలి. ఆట కొనని స్నేహితుడికి చూపించాలంటే వీడియో కావాల్సిందే. చిక్కంతా ఆ వీడియోతోనే వచ్చింది.

లెక్క చూడండి. ఇవాళ మామూలుగా ఆడే 1920 బై 1080 తెరలో ఒక్క ఫ్రేమ్‌కు ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు. చుక్కకు 3 బైట్ల చొప్పున ఫ్రేమ్ 6.2 మెగాబైట్లు. సెకనుకు 60 ఫ్రేములంటే 373 మెగాబైట్లు, నిమిషానికి 22 గిగాబైట్ల పైమాట. మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకు 150 మెగాబైట్లు రాస్తే అదే గొప్ప. పైగా ఆట కూడా తన గోడలనూ చెట్లనూ ఆ డిస్కు నుంచే చదువుకుంటూ ఉంటుంది.

ఈ పనికి మొదట బాగా పేరు తెచ్చుకున్న సాధనం ఫ్రాప్స్. ఆస్ట్రేలియాకు చెందిన రాడ్ మాహర్ 1999లో దాన్ని బయటకు తెచ్చాడు. అసలు ఉద్దేశం రికార్డింగ్ కాదు. ఆట సెకనుకు ఎన్ని ఫ్రేములు గీస్తోందో తెర మూలన పసుపుపచ్చ అంకెలో చూపించడమే దాని పని. వీడియో తీయడం తర్వాత చేరింది. రికార్డింగ్ మీట నొక్కగానే ఆ పసుపు అంకె ఎర్రబడేది, దాంతోపాటే కిందికి దిగేది. వేగాన్ని కొలవడానికి పుట్టినదే వేగాన్ని తినేస్తుంటే, ఆ నష్టాన్ని కూడా తనే అంకెల్లో నిజాయితీగా చూపించేది!

ఎందుకు దిగేది? ఫ్రాప్స్ ఆటకూ గ్రాఫిక్స్ వ్యవస్థకూ మధ్య దూరి కూర్చుంటుంది. ఫ్రేమ్ పూర్తయిందని ఆట చెప్పగానే, దాన్ని గ్రాఫిక్స్ కార్డు జ్ఞాపకం నుంచి కంప్యూటర్ ర్యామ్‌లోకి లాగుతుంది. కార్డులేమో బొమ్మను మానిటర్‌కు పంపడానికి తయారైనవి, వెనక్కి ఇవ్వడానికి కాదు. ఆ లాగడం అయ్యేదాకా ఆట ఆగాలి. 60 ఫ్రేముల వేగమంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. 14లో పని ముగించుకునే ఆటకు ఇంకో 4 కలిపితే గడువు దాటిపోతుంది. ఫ్రేములను మానిటర్ లయకు కట్టేసే వీసింక్ పెట్టుకున్నవాడికి దెబ్బ ఇంకా పెద్దది. మానిటర్ తర్వాతి వంతు వచ్చేదాకా, అంటే 33.3 మిల్లీసెకన్ల దాకా ఆగాలి కాబట్టి, 60 కాస్తా 55కో 50కో తగ్గదు, ఒక్కసారిగా 30కి పడుతుంది. "సగానికి సగం పోయింది" అని పిల్లలు అనేది అతిశయోక్తి కాదు.

డిస్కు మీద భారం తగ్గాలంటే బొమ్మను అక్కడికక్కడే కుదించాలి. ఈ కుదింపు వెనకున్న గణితంలో మనకు పరిచయమైన ఇంటిపేరు ఒకటి ఉంది.

బెంగళూరులో పుట్టి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న నసీర్ అహ్మద్, బొమ్మల సమాచారాన్ని కొసైన్ తరంగాలుగా విడదీసి చూద్దామని 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు ప్రతిపాదన పంపాడు. డబ్బు రాలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందన్నట్టు ఒక సమీక్షకుడు రాశాడని ఆయనే తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆయన వదల్లేదు. శిష్యుడు టి.నటరాజన్, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్‌టన్‌లో ఉన్న మిత్రుడు కె.ఆర్.రావులతో కలిసి పని పూర్తిచేశాడు. 1974 జనవరిలో ముగ్గురి పేరుతో వచ్చిన ఆ పత్రం పొడవులో చిన్నది. ఆ రావు గారే కామిశెట్టి రామమోహనరావు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ పట్టా, తర్వాత అమెరికా చదువు, 1966 నుంచి ఆర్లింగ్‌టన్‌లో అధ్యాపకత్వం. 2021 జనవరిలో కన్నుమూశారు. ఫోన్‌లో మనం తీసే జేపెగ్ ఫొటో మొదలు యూట్యూబ్ వీడియో దాకా ఆ ముగ్గురి లెక్క లేకుండా ఏదీ కదలదు. మన పత్రికలు ఆయన గురించి రాయాల్సినంత రాయలేదని నా ఫిర్యాదు.

ఆ లెక్క ఏం చేస్తుందంటే, బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని రంగుల మార్పును నెమ్మది తరంగాలు, చురుకు తరంగాలుగా విడగొడుతుంది. నున్నటి గోడకో ఆకాశానికో ఒకటి రెండు అంకెలు చాలు, మిగతావి దాదాపు సున్నాలు కాబట్టి తీసేయొచ్చు. 2003లో ఖరారైన హెచ్.264 ప్రమాణం ఇదే లెక్కను పూర్ణాంకాల్లోకి సరళం చేసి వాడుకుంది. దానికి ఇంకో పని కూడా జోడైంది: ఈ ఫ్రేమ్‌లోని ఏ గడి ముందు ఫ్రేమ్‌లో ఎక్కడుందో వెతకడం. ఈ వెతుకులాటే ప్రాసెసర్‌కు చెమటలు పట్టిస్తుంది. 373 మెగాబైట్ల ప్రవాహం ఆరేడు మెగాబైట్లకు దిగుతుంది, నిజమే. ఆ దించే శ్రమ మాత్రం ఆటను నడుపుతున్న ప్రాసెసర్ మీదే పడుతుంది. పెళ్లిలో పొయ్యి దగ్గరున్న వంటవాడినే బంతికి వడ్డించమన్నట్టు. బాంబు పేలినప్పుడు, వాన కురిసినప్పుడు, గడ్డిలో పరుగెత్తినప్పుడు ఫ్రేమ్‌కూ ఫ్రేమ్‌కూ పోలిక తక్కువ కాబట్టి కుదింపు కష్టమవుతుంది. ఆటకు కూడా గీయడం బరువయ్యేది సరిగ్గా అప్పుడే. అందుకే రికార్డింగ్ నున్నగా సాగి సాగి, చూడదగ్గ ఘట్టం రాగానే తడబడేది.

వీడియోను ఇలా కుదించే ఎక్స్264 అనే ఉచిత ఎన్‌కోడర్ రచయితలు ఇందుకు ప్రీసెట్లు పెట్టారు. 'వెరీఫాస్ట్' అంటే తక్కువ వెతుకుతుంది, 'స్లో' అంటే ఓపిగ్గా వెతుకుతుంది. పేరు చూసి "స్లో అయితే క్వాలిటీ వస్తది" అని ఎంచుకుని, ఆట ఆగిపోతే కార్డును తిట్టుకునేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు.

అసలు విరుగుడు సాఫ్ట్‌వేర్‌లోంచి రాలేదు. 2011 జనవరిలో ఇంటెల్ తన శాండీబ్రిడ్జ్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ భాగంలో కుదింపు పనికే ఒక విభాగం పెట్టి, క్విక్‌సింక్ అని పేరిచ్చింది. 2012 మార్చిలో జీటీఎక్స్ 680 గ్రాఫిక్స్ కార్డుతో ఎన్విడియా కూడా అదే దారి పట్టింది. చిప్‌లో ఒక మూల, ఆట బొమ్మలు గీసే కోర్లతో సంబంధం లేకుండా, హెచ్.264 తప్ప ఇంకేమీ చేతకాని చిన్న యంత్రం. దాని పేరు ఎన్‌వెంక్. 2013 అక్టోబరులో దాని మీద నడిచే షాడోప్లే వచ్చింది. గడిచిపోయిన చివరి నిమిషాలను ఎప్పుడూ పట్టి ఉంచుకుని, మీట నొక్కితే ఫైలుగా ఇచ్చేది. గొప్ప షాట్ కొట్టాక రికార్డు చేసుకోవచ్చన్నమాట.

2012లోనే హ్యూ బెయిలీ అనే ప్రోగ్రామర్ ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేశాడు. అయితే అందులో ఎన్‌వెంక్‌ను వాడినా, ఫ్రేమ్ ఒకసారి ర్యామ్‌కు వచ్చి మళ్లీ కార్డుకు వెళ్లేది, అంటే ఫ్రాప్స్ నాటి రానుపోను ఖర్చు పూర్తిగా పోలేదు. 2019లో ఓబీఎస్, ఎన్విడియా కలిసి ఆ దారినీ మూసేశాయి. ఫ్రేమ్ కార్డు దాటకుండానే కుదించుకుపోతుంది.

ఇప్పుడు సీటీసీ కౌంటర్ దగ్గరికి వద్దాం. ఆ చిన్న యంత్రం అన్ని పెట్టెల్లోనూ ఉండదు, పెట్టె మీద ఆ సంగతి పెద్దక్షరాల్లో రాయరు. జీటీ 1030లో ఎన్‌వెంక్ అసలే లేదు. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 మొదటి కార్డుల్లో ఉన్నది పాత తరానిది, అదే సిరీస్‌లోని 1660లో కొత్తది. ఏఎండీ 2022లో తెచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీలో ఎన్‌కోడర్‌నే తీసేశారు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ పనిచేయవు, కాబట్టి క్విక్‌సింక్ కూడా లేనట్టే. ఎఫ్ ప్రాసెసర్, జీటీ 1030 కలిపి చవగ్గా కట్టించుకున్నవాడికి వడ్డనకు వేరే మనిషే లేడు. వాడికి మాత్రం "కార్డ్ మార్చు" అన్నది సరైన సలహా.

మిగతావాళ్లు ముందు ఓబీఎస్‌లో స్టాట్స్ కిటికీ తెరవాలి. అందులో మూడు వరుసలు, మూడు వేర్వేరు జబ్బులు. ఎన్‌కోడింగ్ ల్యాగ్ పెరుగుతుంటే కుదించేవాడికి ఊపిరాడటం లేదు: ఎక్స్264 నుంచి హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌కు మారాలి, లేదా ప్రీసెట్ వేగంగా పెట్టాలి. రెండరింగ్ ల్యాగ్ పెరుగుతుంటే తప్పు ఎన్‌కోడర్‌ది కాదు. ఆటే గ్రాఫిక్స్ కార్డును నూటికి నూరుపాళ్లు మింగేసి, ఓబీఎస్ తన బొమ్మ పేర్చుకోవడానికి సందు ఇవ్వడం లేదు. ఆటకు ఫ్రేమ్ పరిమితి పెట్టి నాలుగు శాతం వదిలినా, ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినా చాలాసార్లు తీరిపోతుంది. మూడోది నెట్‌వర్క్ డ్రాప్. లైవ్ స్ట్రీమ్‌కే వర్తిస్తుంది, దానికి కంప్యూటర్ విప్పి లాభం లేదు. డిస్‌ప్లే క్యాప్చర్ బదులు గేమ్ క్యాప్చర్ వాడటం, రికార్డింగ్‌ను ఆట ఉన్న డిస్కులో కాకుండా ఇంకోదానిలో రాయడం ఎప్పుడూ మంచిదే.

మూడు వరుసల్లోనూ సున్నాలే ఉండి, వీడియో మాత్రం గతుకుల రోడ్డులా కనిపించే కేసు ఒకటుంది. మానిటర్ 144 హెర్ట్జ్, రికార్డింగ్ 60. 144ను 60 నిశ్శేషంగా భాగించదు కాబట్టి ఓబీఎస్ ఒకసారి రెండో ఫ్రేమ్‌ను, ఒకసారి మూడో ఫ్రేమ్‌ను తీసుకుంటుంది, కదలిక సమంగా రాదు. ఆటను 120కి కట్టేస్తే సరిగ్గా రెంటికొకటి వస్తుంది. ఇందుకు పార్క్‌లేన్ దాకా వెళ్లనక్కర్లేదు.