సముద్రంలో ‘వృథా’గా కలిసేది ఏమిటి?

తెలంగాణ ఉద్యమ సభల్లో మనం వందసార్లు విన్న మాట: "గోదావరి నీళ్లు వృథాగా సముద్రంలో కలుస్తున్నాయి." విద్యార్థిగా ఉన్నప్పుడు చేతికి మైకు దొరికితే నేనూ అన్నాను. ఆ మాట వెనక ఉన్న బాధ నిజమైనదే. మా లింగాల ఘనపూర్ వైపు బోర్లు ఎండిపోతుంటే, నది మాత్రం మనల్ని చూడకుండా వెళ్లిపోయేది. ఇవాళ ములుగు జిల్లా గంగారం దగ్గర ఎత్తిపోసిన దేవాదుల నీళ్లు మా మండలంలోని నవాబ్‌పేట రిజర్వాయర్ దాకా వస్తున్నాయి. ఆ నీళ్ల మీద మన హక్కును నేను ప్రశ్నించడం లేదు. ప్రశ్నిస్తున్నది ‘వృథా’ అనే మాటను.

మొన్న క్లాసులో ఒక తమ్ముడు అడిగాడు: "సార్, సముద్రం కోత గురించి మనకెందుకు? మనకు సముద్రమే లేదు కదా." నిజమే, మా ఊరికి సముద్రం రెండు వందల కిలోమీటర్లు దాటి ఉంటుంది. కానీ దాని కథ మా చెరువు దగ్గరే మొదలవుతుంది.

మా తాత నీరటి. తూము తీయడం, మూయడం, కాలువ చివరి మడి దాకా నీళ్లు పారించడం ఆయన పని. ఆ ఆయకట్టులో ఆయనకు గుంటెడు భూమి లేదు. కల్లం దగ్గర కొలిచి పోసే గింజలే జీతం. ఎండాకాలం చెరువు ఎండితే పూడిక మట్టిని బండ్ల మీద చెలకలకు తోలేవాళ్లు. వాన నీరు ఒంటరిగా రాదు, మట్టిని మోసుకొస్తుంది. కట్ట వేసిన చోట నీరు ఆగితే మట్టి కూడా ఆగుతుంది. బడికి పోకుండానే మా తాత నేర్చుకున్న పాఠం ఇది.

ఇదే పాఠాన్ని చెరువు నుంచి నదికి పెంచి చూడండి. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణించే గోదావరి, దారి పొడవునా మట్టినీ ఇసుకనూ వెంట తెస్తుంది. సముద్రం దగ్గర వేగం తగ్గగానే ఆ బరువు దించేస్తుంది. వేల ఏళ్లుగా అలా దించిన ఒండ్రే కోనసీమ. అలలు ఆ ఇసుకను ఒడ్డు వెంట నెట్టి దిబ్బలు పోస్తాయి. కాకినాడ ఎదుట దాదాపు 16 కిలోమీటర్ల పొడవున ఉన్న హోప్ ఐలాండ్ గత రెండు శతాబ్దాల్లో ఇట్లా పెరిగిన ఇసుక దిబ్బే. అంటే తీరం గీసిపెట్టిన గీత కాదు, రోజూ నడిచే జమాఖర్చు. నది జమ వేస్తుంది, సముద్రం ఖర్చు రాస్తుంది. జమ ఆగిన రోజు నుంచి నేల తరుగుతుంది.

జమ ఎంత ఆగిందో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాకాని నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో లెక్క కట్టారు. 1970లలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేది. 2000-2006 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి ఇంకా ఘోరం: 1960ల చివర 90 లక్షల టన్నులు, 2000-2005 నాటికి 4 లక్షల టన్నులు. 1965 నుంచి 2008 మధ్య ఈ రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరం, పెరిగినది పోను, 76 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయింది.

ఇందులో ఒక విషయం దగ్గర ఆగండి. ఆ కాలంలో డెల్టాకు చేరే గోదావరి నీళ్లలో పెద్ద తేడా రాలేదు. తగ్గింది మట్టి. ఏ నీళ్లను వృథా అన్నామో అవి సముద్రానికి పోతూనే ఉన్నాయి, ఉత్త చేతులతో.

మరి మట్టి ఎక్కడుంది? ఎగువన పైఠణ్ దగ్గర జాయక్వాడి ఉంది. మన వైపు శ్రీరాంసాగర్ ఉంది. 112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్ సామర్థ్యం, పూడిక వల్ల 1994 సర్వేలో 90కి, 2014 సర్వేలో 80 టీఎంసీలకు దిగింది. దానిని మనం ప్రాజెక్టుకు జరిగిన నష్టంగానే చదివాం. తీరానికి చేరాల్సిన నేల అక్కడ ఇరుక్కుందని ఎవరూ మనకు చెప్పలేదు. మిగిలిన ఇసుక సంగతి భూపాలపల్లి వైపు రోడ్ల మీద నిలబడితే తెలుస్తుంది. కాళేశ్వరం, మహదేవపూర్ నుంచి లారీలు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు పోతూనే ఉంటాయి.

పైన జమ ఆగితే, కింద ఖర్చు పెరుగుతోంది. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాత ఏటా 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. డెల్టా నేల మెత్తన, తన బరువుకు తానే కుంగుతుంది. ఏటా వచ్చే కొత్త ఒండ్రే ఆ కుంగుబాటును పూడ్చేది. ఇప్పుడు నేల దిగుతోంది, నీరు ఎక్కుతోంది. కాకినాడ పక్కన ఉప్పాడకు పోతే ఈ కోత కళ్ల ముందు కనిపిస్తుంది. హోప్ ఐలాండ్ పెరుగుదల వల్ల అలల దారి మారడం, పోర్టు కట్టడాలు ఇసుక కదలికను ఆపడం కూడా అక్కడి కారణాల్లో ఉన్నాయి. బీచ్ రోడ్డు తుపానుకోసారి తెగుతుంది. జియోట్యూబ్ గోడ వేసినా కోత ఆగలేదు. మత్స్యకారుల ఇళ్లు ఒక వరుస తర్వాత మరొకటి పోతున్నాయి.

ఇక మన అసలు ప్రశ్న: అంచున ఉన్నదెవరు?

1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక, తర్వాత కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట వచ్చాక, డెల్టా అన్నపూర్ణ అయింది. కాలువ నీళ్లు భూమి ఉన్న కులాల చేతికి డబ్బు, అధికారం ఇచ్చాయి. భూమి లేని మాల మాదిగలకు కూలి ఇచ్చాయి. ఆ నీటి పంపకం ఎట్లాంటిదో 1985 జూలై 17న కారంచేడు చూపించింది. దళితులు తాగే చెరువు నీటిని పాడుచేయవద్దని అడిగినందుకు మొదలైన గొడవ, ఆరుగురి హత్యతో ముగిసింది. అదే డెల్టా కొసన 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచితే, అధికారిక లెక్కలోనే దాదాపు పది వేల మంది పోయారు. మిద్దె ఉన్నవాడు మిద్దె ఎక్కాడు. పల్లంలో తాటాకు గుడిసె ఉన్నవాడు ఎక్కడానికి ఏమీ లేదు. దాన్ని ప్రకృతి వైపరీత్యం అని రాసి పుస్తకం మూసేశారు.

కోత దానికన్నా నెమ్మదిగా చంపుతుంది. ఒక్కరోజులో జరగదు కాబట్టి వార్త కాదు. పోయింది పోరంబోకు మీది గుడిసె అయితే కాగితం లేదు, కాగితం లేకపోతే నష్టమూ లేదు. ‘పోరంబోకు’, ‘బంజరు’, ‘వృథా’ అన్నీ ఒకే కుదురు మాటలు. తన లెక్కలోకి రానిదానికి పెద్దవాడు పెట్టే పేర్లు. ఆ పేర్ల కింద బతికినవాళ్లం మనం. అందుకే ఈసారి ఆ మాట మన నోట వచ్చినప్పుడు మనమే ఆగాలి.

15వ ఆర్థిక సంఘం కోత నివారణకు 1,500 కోట్లు, కోతకు నిర్వాసితులైనవారి పునరావాసానికి 1,000 కోట్లు సిఫారసు చేసింది. నిర్వాసితుల జాబితాలో పట్టా లేనివాళ్ల పేర్లు ఉన్నాయా అని అడుగుదాం. ఇంటికి ఇల్లు, జాగకు జాగ, ఆడవాళ్ల పేరు మీద పట్టా అడుగుదాం. ప్రాజెక్టు నివేదికల్లో టీఎంసీల పక్కన ఒండ్రు లెక్క కూడా రాయమని అడుగుదాం. నీళ్లు వచ్చిన ఊరివాళ్లుగా ఇది అడగడం మన బాధ్యత.

తూము కింది పొలం తడవగానే మా తాత పని అయిపోయేది కాదు. చివరి మడి తడిసిందో లేదో చూసుకున్నాకే ఆయన ఇంటికొచ్చేవాడు. గోదావరికి చివరి మడి ఉప్పాడ, అంతర్వేది. ఎగువన తూము దగ్గర ఇప్పుడు మనమున్నాం.

జై భీమ్.