గుజరాత్‌లో రవాణాకు నిధులు: బమ్రోలి నుంచి చూస్తే

బమ్రోలి సూరత్ నగరానికి దక్షిణాన, పాండేసర, ఉధ్నా పారిశ్రామిక వాడల పక్కనున్న మరమగ్గాల ప్రాంతం. 2006లో సూరత్ నగరపాలక సంస్థ విస్తీర్ణం 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు పెరిగినప్పుడు ఇది నగరంలో కలిసింది. తెలంగాణ నుంచి నేతపని కోసం సూరత్‌కు వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాల వల్ల ఈ నగరం తెలుగువారికి కొత్తది కాదు. ఇక్కడి రోడ్డుకూ బస్సుకూ డబ్బు ఒక ఖజానా నుంచి రాదు.

రాష్ట్రానికి రవాణా నుంచి వచ్చే సొంత రాబడిలో ముఖ్యమైనవి వాహన పన్ను, పెట్రోలు డీజిళ్ల మీద వ్యాట్. రెండూ రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితావి. చమురు ఇంకా జీఎస్టీలోకి రాకపోవడం రాష్ట్రాలకు కలిసొచ్చిన సంగతి. 2021 నవంబరులో గుజరాత్ వ్యాట్ తగ్గించి పెట్రోలు మీద 13.7 శాతం, డీజిలు మీద 14.9 శాతం చేసి, వాటిపై 4 శాతం సెస్సు ఉంచింది. అప్పుడు తగ్గించని తెలంగాణలో అవి 35.2, 27 శాతం. ఈ వ్యాట్ సొమ్ము రోడ్లకే అని కట్టుబడి ఉండదు. సంఘటిత నిధిలో చేరి జీతాలకూ ఆసుపత్రులకూ కూడా పోతుంది. బంకులో కట్టిందంతా రోడ్డుకే రావాలన్న వాదనకు అందువల్ల బలం తక్కువ.

సూరత్ విషయంలో అసలు మలుపు ఆక్ట్రాయ్ రద్దు. నగరంలోకి వచ్చే సరుకు మీద వేసే ఈ సుంకం నూలూ గుడ్డా తిరిగే ఊరికి పెద్ద ఆదాయం. నాకాల దగ్గర లారీలు బారులు తీరడం దాని మరో ముఖం. 2007 నవంబరులో రాష్ట్రం నగరపాలక సంస్థల్లోనూ దాన్ని ఎత్తేసి, బదులుగా పరిహార గ్రాంటు ఇవ్వసాగింది. వ్యాపారి ఊపిరి పీల్చుకున్నాడు. నగరం మాత్రం తాను వసూలు చేసుకునే రాబడి వదులుకుని రాష్ట్ర రాజధాని గాంధీనగర్ వైపు చూడాల్సి వచ్చింది.

కొత్త నిర్మాణాలకు లెక్క వేరు. నగరాల వసతుల కోసం కేంద్రం తెచ్చిన జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం కింద సూరత్ స్థాయి నగరాల ప్రాజెక్టులకు కేంద్రం 50, రాష్ట్రం 20, నగరం 30 శాతం భరించాయి. ప్రత్యేక వరుసలో నడిచే బీఆర్‌టీఎస్ బస్సులు ఆ పథకం ఫలమే. ఉధ్నా దర్వాజా నుంచి సచిన్ వరకు తొలి మార్గం 2014 జనవరిలో మొదలైంది. 40.35 కిలోమీటర్ల సూరత్ మెట్రోకు కేంద్రం 2019లో ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం రూ.12,020 కోట్లు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల వాటాతోపాటు జర్మనీకి చెందిన కేఎఫ్‌డబ్ల్యూ, ఫ్రాన్స్‌కు చెందిన ఏఎఫ్‌డీ అనే అభివృద్ధి బ్యాంకుల అప్పులు దీనికి ఆధారం. రాష్ట్రం సొంతంగా అప్పు చేయాలన్నా, కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం 293వ అధికరణ ప్రకారం దాని సమ్మతి కావాలి.

కట్టడానికి దొరికినంత సులువుగా నడపడానికి డబ్బు దొరకదు. నగర బస్సుల్ని పాలక సంస్థకు చెందిన సిటీలింక్ కంపెనీ చూస్తుంది. బస్సు నడిపే కాంట్రాక్టరుకు కిలోమీటరు లెక్కన చెల్లిస్తారు, టికెట్ డబ్బు సిటీలింక్‌కు వస్తుంది. రెంటి మధ్య లోటులో కొంత ముఖ్యమంత్రి నగర బస్సు పథకం కింద రాష్ట్రం పూడుస్తుంది, మిగతాది నగరానిదే. ఊరు దాటే ఎర్ర బస్సుల బాధ్యత 1960లో రాష్ట్రంతో పాటే పుట్టిన గుజరాత్ ఆర్టీసీది.

టోల్ విషయంలో గుజరాత్ ముందే అడుగేసింది. ప్రైవేటు పెట్టుబడి కోసం 1999లోనే మౌలిక వసతుల చట్టం తెచ్చింది. వడోదర–హాలోల్ రోడ్డు ఆ కాలపు ప్రయోగమే. 2016 ఆగస్టులో మాత్రం రాష్ట్ర రోడ్ల మీద కార్లకు, ఆర్టీసీ బస్సులకు టోల్ మాఫీ చేసింది.

సూరత్ తెలుగువారు వరంగల్, విజయవాడలకు ఎక్కే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ లెక్కల్లో ఎక్కడా లేదు. రైళ్ల ఖర్చు కేంద్ర బడ్జెట్‌ది.