జగ్గయ్య

జగ్గయ్య: తెలుగువారి పురుషనామం. జగన్నాథుడి వంటి, ‘జగత్తు’ మొదట ఉన్న దేవుడి పేర్లను ఇంట్లో ముద్దుగా కుదిస్తే వచ్చిన రూపం ‘జగ్గ’. గౌరవానికి ‘అయ్య’ చేరింది. సుబ్రహ్మణ్యం సుబ్బయ్య అయిన దారే ఇదీ: పొడుగాటి పేరు తెగిపోయి, మిగిలిన ముక్కకు ఒత్తు పడుతుంది. ‘అన్న’ చేరితే జగ్గన్న, ‘రాజు’ చేరితే జగ్గరాజు. 17వ శతాబ్ది మొదట్లో విజయనగర సింహాసనం తగాదాలో దిగిన గొబ్బూరి జగ్గరాయుడు, 18వ శతాబ్దిలో ‘చంద్రరేఖా విలాపం’ రాసిన కూచిమంచి జగ్గకవి ఈ కోవలోనివారే.

పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో ఈ పేరు ఊరయింది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలు దగ్గర పేట కట్టించి, తండ్రి పేరున జగ్గయ్యపేట అన్నాడు. తల్లి అచ్చమ్మ పేరున కృష్ణకు ఆవలి ఒడ్డున అచ్చంపేట వెలిసింది. కొడుకులు లేని నాయుడు ఇద్దరిని దత్తత తీసుకున్నాడు. మొదటి దత్తుడు జగన్నాథబాబు, రెండోవాడు రామనాథబాబు. తాత జగ్గయ్య, మనవడు జగన్నాథుడు! ఈ రెండూ ఒకే పేరని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నిఘంటువులో కూడా దొరకదు. ఆ దత్తతల వ్యాజ్యం ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది.

తాత పేరు మనవడికి పెట్టే ఈ ఆచారం అన్నిచోట్లా లేదు. చైనాలోనూ మనలాగే ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. పోలిక అక్కడితో సరి. తండ్రి తాతల పేరు బిడ్డకు పెట్టడం అక్కడ పెద్దలను అవమానించడం కింద లెక్క; ఏలే చక్రవర్తి పేరులోని అక్షరం రాయడానికే భయపడేవారు. ఇక్కడ తాత పేరు మనవడికి పెట్టకపోతే అలకలు. అయితే మామగారి పేరు కోడలు నోటితో పలకకూడదు గనుక, ఆ పిల్లవాడు తల్లికి ‘అబ్బాయి’గానో ‘బుజ్జి’గానో పెరిగేవాడు. పేరు పెట్టడం ఒకటి, పిలవడం ఒకటి.

పేర్లు అరగడం ఈ నేలకు కొత్త కాదు. జగ్గయ్యపేట దగ్గరి ధనబోడు దిబ్బ మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, అంటే 3వ శతాబ్దిలో, సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర 5 ఆయక స్తంభాలు (స్తూపం ముందరి వేదికపై ఉండే స్తంభాలు) నిలిపినట్టు అక్కడి ప్రాకృత శాసనం చెబుతోంది. శాసనంలో అతని తండ్రి పేరు ‘నాకచంద’. నాగచంద్రుడు నాకచందుడైన చోటే జగన్నాథుడు జగ్గయ్య అయ్యాడు.

20వ శతాబ్దిలో ఈ పేరును ఇంటింటికీ చేర్చినవాడు నటుడు కొంగర జగ్గయ్య. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు గెలిచాడు, 2004లో కన్నుమూశాడు. ఇప్పటి బారసాలల్లో జగ్గయ్య వినపడడం అరుదు. అయినా పేట జనం నోట రోజూ నలుగుతూనే ఉంది, కాస్త అరిగి ‘జగ్గయపేట’గా.

2022 ఏప్రిల్ 4 నుంచి జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరులో మొదటి అక్షరం నందమూరి అనే ఇంటిపేరుది. పేట పేరులో మాత్రం వాసిరెడ్డి అనే ఇంటిపేరు లేదు.